తలవ్రాతయు చేతివ్రాతయు

పంట పండిన యేడు రైతు "నా కష్టము ఫలించినది" అనును. పంట ఎండిన యేడు ఆ రైతే నుదురు చూపి "నా వ్రాత ఇట్లున్నది" అనును. ఈ రెండు మాటలును ఒక్క నోటనే వచ్చుచున్నవి. రెంటియందును కొంత సత్యము కలదు, కొంత పొరపాటును కలదు. చేసిన పనికి వచ్చు ఫలము ఎంతవఱకు చేసినవాని చేతిలో నున్నది, ఎంతవఱకు అతని చేయి దాటి యున్నది అను ప్రశ్న మన దేశమున దైవ పురుషకార విచారమను పేర మిగుల ప్రాచీనమైనది. గోదావరికి ఇరుదరుల నున్న కరీంనగర ఆదిలాబాదు సీమలలో ఈ విచారము పుస్తకములయందు మాత్రమే నిలిచియుండలేదు. గుడులలో, చెఱువు కట్టలమీద, దఫ్తరపు కాగితములలో, అడవి సరిహద్దులలో, నదుల కడ్డముగా కట్టిన ఆనకట్టలపై అది మఱల మఱల పరీక్షకు వచ్చినది. ఆ చరిత్రను సంగ్రహముగా నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. 2016వ సంవత్సరమున ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. ఇందు పూర్వపు జిల్లాల పరిమితినే పాఠకులు గ్రహింపవలయును.

ఇద్దఱు లేఖకులు

మనవారి నమ్మకమున మానవుని జీవితమును వ్రాయువారు ఇద్దఱు. బ్రహ్మ పుట్టిననాడే నుదుట వ్రాయును. చిత్రగుప్తుడు జీవుడు బ్రదికినన్నాళ్లు చేసిన పుణ్యపాపములను కవిలెలో నెక్కించి, చచ్చిననాడు యమధర్మరాజు సమ్ముఖమున చదువును. మొదటివాడు జరుగబోవునది వ్రాయువాడు. రెండవవాడు జరిగినది వ్రాయువాడు. అంతయు బ్రహ్మ ముందుగనే వ్రాసి యుంచినచో చిత్రగుప్తుని లెక్కకు పనియేమి? అంతయు జీవుని చేతిలోనే యున్నచో బ్రహ్మవ్రాతకు పనియేమి? లోకము ఈ ఇద్దఱిలో ఒకరిని తీసివేయలేదు. ఇద్దఱిని ఉంచుకొన్నది. ఇది అవివేకము కాదు. జీవితమున రెండు విధములైన అనుభవములును కలుగుచున్నవని ఎఱిగినవారి వివేకమే.

ధర్మపురి క్షేత్రమున నృసింహస్వామి ఆలయ ప్రాంగణముననే యమధర్మరాజునకు గుడి కలదు. యమునకు గుడి యుండుట దేశమున అరుదు. ధర్మపురికి పోయినవానికి యమపురి లేదని జనులు చెప్పుకొందురు. అయినను గోదావరిలో స్నానమాడి శరణాగతరక్షకుడైన నృసింహుని సేవించినవాడు, లెక్క అడుగు యముని గుడిలో దీపము పెట్టియే వెడలుచున్నాడు. ఆ స్వామి మీదనే నరసింహ శతకము చెప్పిన శేషప్పకవి తన భారమంతయు దేవునిపై వేసినాడు. కాని నూఱు పద్యములు కూర్చు భారమును తానే వహించినాడు.

ప్రాణహిత గోదావరిలో కలియు కాళేశ్వరమున ఈ భావమే శిలారూపము దాల్చినది. అచట ఒక్క పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు, రెండవది ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుడు దర్శించిన వారికెల్ల మోక్షము నొసగుచుండగా యమునకు పనిలేకపోయెననియు, అతడు మొఱపెట్టుకొనగా శివుడు అతని లింగమును తన సరసనే నిలుపుకొనెననియు, భక్తులు ముందుగా కాళేశ్వరుని పూజించి పిదపనే ముక్తేశ్వరుని పూజింపవలయుననియు స్థలపురాణము. క్షమించు చేయి ఒకటి, లెక్క చూచు చేయి ఒకటి. పీఠము మాత్రము ఒక్కటియే.

శాస్త్రము పంచిన పాళ్లు

భారతమున ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు అంపశయ్యపై నున్న భీష్ముని దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా అని ప్రశ్నించును. బ్రహ్మ వసిష్ఠునకు చెప్పినదానినే భీష్ముడు చెప్పును: పురుషకారము పొలము, దైవము విత్తనము, ఈ రెండును కూడిననే పంట. యాజ్ఞవల్క్యస్మృతి బండిని దృష్టాంతముగా తీసికొన్నది. ఒక్క చక్రముతో బండి నడువనట్లే పురుషకారము లేక దైవము ఫలింపదని దాని తాత్పర్యము. మహర్షులు ఈ నిగూఢార్థమును చెప్పుటకు పొలమును, బండిని ఎన్నుకొనుట గమనింపదగినది. అది దున్నువాడు, తోలువాడు సులువుగా తెలిసికొనగలిగిన భాష.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఈ లెక్క మఱింత సూక్ష్మమైనది. ఏ పనికైనను హేతువులు అయిదు: అధిష్ఠానము, కర్త, కరణము, వివిధములైన చేష్టలు, అయిదవది దైవము. వీనిని సేద్యమునకు అన్వయించినచో పొలము, రైతు, నాగలియు ఎడ్లును, దున్నుట మొదలు కోత వఱకు గల పనులు, వాన అని చెప్పవచ్చును. ఇందు రెండు విషయములు తెలియుచున్నవి. దైవము అయిదింటిలో ఒకటియే గాని అయిదును కాదు. కర్తయు అయిదింటిలో ఒకడే గాని అయిదును తానే కాదు. తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని గీత వెంటనే హెచ్చరించుచున్నది. అంతయు వ్రాతయే అనువాడు నాలుగు పాళ్లను మఱచినవాడు. అంతయు నాచేతనే యైనది అనువాడును నాలుగు పాళ్లను మఱచినవాడే.

కరీంనగర సీమయందలి వేములవాడ ఈ విచారమునకు ఒక మహాకావ్యమును సమకూర్చినది. చాళుక్య వంశీయుడైన రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి క్రీ.శ. 941లో విక్రమార్జున విజయమను కన్నడ భారతమును రచించెను. ప్రభువును అర్జునునితో అభేదముగా వర్ణించుటకే పూనుకొన్నను, ఆ కవి హృదయము కర్ణుని యెడల కరగినది. పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కుర్క్యాల బొమ్మలగుట్టపై వ్రాయించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును కలవు. కర్ణుని కథ మన విషయమునకు గీటురాయి. పుట్టుక తన చేతిలో లేదు, పౌరుషము తన చేతిలో నున్నదను భావమును భట్టనారాయణుడు వేణీసంహార నాటకమున కర్ణుని నోట పలికించినాడు. అయితే కర్ణుని అడుగడుగున అడ్డినది నిజముగా బ్రహ్మవ్రాతయేనా? కులమేమని రంగస్థలమున అడిగినది మనుష్యులు. సూతపుత్రుడని నవ్వినది మనుష్యులు. ఇచట ఒక మూడవ వ్రాత కానవచ్చుచున్నది. అది నుదుట బ్రహ్మ వ్రాసినది కాదు, తాను వ్రాసికొన్నదియు కాదు. ఇతరులు వ్రాసినది.

గోదావరి గట్టున ఒక శాపము

బౌద్ధుల సుత్తనిపాతమున బావరి అను బ్రాహ్మణుని కథ కలదు. అతడు కోసలదేశమునుండి దక్షిణాపథమునకు వచ్చి, అస్సక రాజ్యమున గోదావరి తీరమున ఆశ్రమము కట్టుకొనెను. ఆదిలాబాదు సీమలో గోదావరి నడుమనున్న బాదనకుర్తియే ఆ స్థలమని కొందఱు చరిత్రకారుల అభిప్రాయము. బావరి యజ్ఞముచేసి సర్వమును దానమిచ్చిన పిదప ఒక బ్రాహ్మణుడు వచ్చి అయిదువందలు ఇమ్మనెను. లేవనగా, ఏడవనాడు నీ శిరస్సు ఏడు వ్రక్కలగునని శపించెను. బావరి అన్నము మానెను, ధ్యానము మానెను, భయమున కృశింపసాగెను. అపుడొక దేవత వచ్చి, ఆ శపించినవానికి శిరస్సన నేమో తెలియదు, అది తెలిసినవాడు బుద్ధుడు అని చెప్పెను. బావరి తన పదునార్గురు శిష్యులను ఉత్తరదేశమునకు పంపెను. అవిద్యయే శిరస్సు, విద్యయే దానిని భేదించునది అని బుద్ధుడు సమాధానమిచ్చెను.

ఈ కథయందలి రహస్యము గొప్పది. శాపము పలికినవాడు ఒక మనుష్యుడు. దానిని విధిగా భావించి భయపడినవాడు మఱియొక మనుష్యుడు. మంత్రముచేత గాక ప్రశ్నచేత ఆ భయము తీరినది. ఎవరు పలికిరి, దాని అర్థమేమి అని విచారించిన వెంటనే విధివలె తోచినది వట్టి మాటగా తేలినది. ఈ కథ నడచిన గోదావరి గట్టుననే తరువాతి శతాబ్దములలో ఇట్టి శాపములు మఱికొన్ని, కాగితముమీద వ్రాయబడినవి, వచ్చెను. వానిని చెప్పుటకు ముందు చెఱువును గుఱించి కొంత చెప్పవలసియున్నది.

కట్టయు మత్తడియు

తెలంగాణమున పెద్ద నదులు పల్లమున, పొలములు మెఱకన ఉన్నవి. వాన కురియు దినములు కొలది. ఆ కొలది దినముల వాననే ఏడాది పొడవున నిలుపుకొనుటకు కాకతీయులకు ముందువారును, కాకతీయులును, వారి తరువాతివారును చెఱువులను త్రవ్వించిరి. చెఱువునకు ముఖ్యాంగములు మూడు: నీటిని ఆపు కట్ట, నీటిని పొలమునకు విడుచు తూము, మిగులు నీటిని వెడలించు మత్తడి. కట్టయు తూమును పురుషకారమునకు చెందినవి. కాని మత్తడి యేల? ఎంత వాన వచ్చునో తనకు తెలియదని, తన లెక్కకు మించిన వాన ఒకనాడు వచ్చి తీరునని కట్టినవాడు ఒప్పుకొనుటయే మత్తడి. అది కట్టలో దైవమునకు విడిచిన త్రోవ. మత్తడి లేని కట్ట ఎంత బలమైనదైనను తెగును. కట్ట లేక మత్తడి మాత్రమే యున్నచో చుక్క నీరు నిలువదు. దైవ పురుషకారముల పాళ్లను భీష్ముడు మాటలతో చెప్పగా, మన ఒడ్డెరలు మట్టితోను రాతితోను చెప్పిరి.

అనావృష్టి నాడు విరాటపర్వ పారాయణము చేయించుట, పిల్లలు కప్పతల్లిని త్రిప్పుచు ఇంటింట నీళ్లు పోయించుకొనుట మన పల్లెల ఆచారములు. వీనిని మాత్రమే చూచినవారు పల్లెవాడు దైవమును నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుండునని తలంతురు. మిరుగు కార్తె దగ్గఱపడగనే కట్టపై మట్టి పోయువాడు, కాలువలో పూడిక తీయువాడు, తూము కడ రాత్రి మేలుకొనియుండు నీరటివాడు వారికి కనబడలేదు. పారాయణము చేయించినవాడును, పార పట్టినవాడును ఒక్కడే.

చెఱువులలో మఱియొక విశేషము కలదు. అవి పెక్కుచోట్ల గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ చెఱువు మత్తడి దూకిన నీరు దిగువ చెఱువునకు చేరును. ఎగువ ఊరివారు కట్టను ఉపేక్షించి అది తెగినచో, దిగువ ఊరి కట్టయు తెగును. దిగువ ఊరివానికి ఆ రాత్రి వచ్చిపడిన నీరు దైవఘటన వలెనే తోచును. నిజమునకు అది ఎగువవాని అశ్రద్ధ. ఒకని చేత మఱియొకని తలవ్రాతగా మాఱు విధానము ఇదియే. 2015లో మిషన్ కాకతీయ యను పేర చెఱువుల పూడిక తీయు పని ప్రభుత్వము చేపట్టినపుడు, బహుకాలముగా వానలోపమని చెప్పుకొన్న కొఱతలో కొంత పూడికవలన కలిగినదని పెక్కు గ్రామములు కన్నులార చూచినవి.

కాగితపు వ్రాత

నిజాము రాజ్యమున, సాలార్‌జంగు సంస్కరణల పిదప, భూమి కొలతలు, పన్నులు, హక్కులు కాగితములకెక్కినవి. సేత్వారు, పహాణీ, ఫైసల్‌పట్టీ అను మాటలు పల్లెకు వచ్చెను. దఫ్తరపు భాష ఉర్దూ. దున్నువానికి తెలుగు అక్షరమే రాదు. ఏ భూమి ఎవరి పేర నున్నదో, ఎంత శిస్తు కట్టవలెనో, కట్టినదానికి రసీదు పుట్టెనో లేదో అతనికి తెలియదు. పటేలు పట్వారీల నోటినుండి వెలువడినదే వేదము. తాత దున్నిన చెలక ఒకనాడు పరుని పట్టాలో కనబడినపుడు, ఏమిచేయుటకును తోచక, "నా నుదుట ఇట్లే వ్రాసియున్నది" అని రైతు ఇంటికి పోయెడివాడు. వ్రాసియున్న మాట నిజమే. కాని వ్రాసినది నుదుట కాదు, పహాణీలో. వ్రాసినవాడు బ్రహ్మ కాదు. కలము పట్టినవాని ధర్మాధర్మములపై ఎన్ని కుటుంబముల అన్నము ఆధారపడియుండెనో ఆ వృత్తిలోనివారే బాగుగా ఎఱుగుదురు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత అనుభవమునుండి పుట్టినదే.

వెట్టి ఇట్టిదే. దొరల ఇండ్లలోను, పర్యటనకు వచ్చు అధికారులకును కూలి లేక చాకిరి చేయుట, సరకులు ఉచితముగా నిచ్చుట కులవృత్తులవారికి తరతరములుగా వచ్చిన వ్రాతగా నుండెను. తండ్రి చేసినాడు గనుక కొడుకు చేయవలయును. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘమును, దాని శాఖలును ఈ విషయమున చేసిన పని మిక్కిలి నిరాడంబరమైనది. వెట్టిని అరికట్టుచు ప్రభుత్వమే వెలువరించిన ఉత్తరువులు కొన్ని యుండెను. అవి జనులకు తెలియవు. సంఘమువారు ఇట్టి విషయములను తెలుగున చిన్న పుస్తకములుగా అచ్చువేసి పంచిరి. ఇది విధి కాదు, సర్కారు చట్టమునకు సైతము విరుద్ధము అని తెలియుటయే సగము విడుదల. 1935లో ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశము కరీంనగరము జిల్లాలోని సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు నాటిన విత్తనములు ఇట్లు సభలుగా మొలకెత్తినవి. తరువాత 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. నిన్న విధియనుకొన్నది నేడు ఒక శాసనముతో కొట్టివేయబడెను. కలముతో కొట్టివేయదగినది తలవ్రాత ఎట్లగును?

గోదావరికి ఉత్తరపు దరిని ఈ సత్యము రక్తముతో వ్రాయబడినది. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు పోడు కొట్టుకొని బ్రదుకుచుండగా, అటవీశాఖ గీచిన సరిహద్దు గీత వారి పొలములనడుమ, పల్లెలనడుమ పాఱినది. గీత లోపల నున్నది అడవి. అందు దున్నుట నేరము. గోండు ఎన్నడును చూడని పటముపై ఎవరో గీచిన గీత అతని పాలిటికి పిడుగువలె వచ్చి పడినది. పట్టా యనగా ఏమో తెలియనివారగుటచే, మంచి భూములు బయటినుండి వచ్చినవారి పేరుల కెక్కినవి. కుమరం భీము ఆ వ్రాతను అంగీకరింపలేదు. అజ్ఞాతవాసకాలమున అతడు చదువు నేర్చుకొనెనని అతని చరిత్ర చెప్పువారు అందురు. 1940లో జోడెఘాటున అతడు సాయుధబలగముల కాల్పులలో వీరమరణము నొందెను.

పురుషకారము ఇచట ఓడినట్లు తోచును. కాని లెక్క అంతటితో ముగియలేదు. ఆ సంఘటనము పిదప ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారింప హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. అతని సిఫారసులవలన వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము ఏర్పడెను. తుపాకి నెత్తినవాని త్యాగము పాఠశాలగాను, పట్టాగాను ఫలించినది. చేసినవాడు తన ఫలమును తాను చూడకపోవచ్చును. కాని అతని చేష్ట ఫలహీనము కాదు.

కడెము చెప్పిన పాఠము

కాగితపు వ్రాతను చెఱిపివేయవచ్చును. నది వ్రాతను చెఱుపగలమా? ఈ ప్రశ్నకు గోదావరి ఉపనదియైన కడెము సమాధానమిచ్చినది. స్వాతంత్ర్యానంతరము ఆదిలాబాదు జిల్లాలో ఈ యేటిపై ఆనకట్ట కట్టసాగిరి. కట్టకు నీటిమట్టముపై ఎనిమిదడుగుల వెసులుబాటు విడిచియుండిరి. 1958 ఆగస్టులో వచ్చిన వరద సెకనుకు సుమారు 5 లక్షల 20 వేల ఘనపుటడుగులు. నీరు కట్టతల దాటి ఒకటిన్నర అడుగు ఎత్తున పొర్లెను. ఎడమ ప్రక్క 450 అడుగుల గండి పడెను. కుడి ప్రక్క మఱి రెండు గండ్లు పడెను.

దీనికి రెండు విధములుగా సమాధానము చెప్పవచ్చును. ఏటిని బంధింపజూచినందున గంగమ్మ ఆగ్రహించినదని చెప్పి విడిచిపెట్టవచ్చును. లేక, మత్తడి చాలలేదని చెప్పి దానిని పెంచవచ్చును. ఇంజనీర్లు రెండవ మార్గము త్రొక్కిరి. ఆనకట్ట మరల కట్టబడెను. నీరు వెడలు త్రోవ విస్తరింపబడెను. తలుపులు 18 అయినవి.

అరువదినాలుగేండ్ల పిదప, 2022 జూలైలో, ఇంచుమించు అంత వరదయే మరల వచ్చెను: సెకనుకు 5 లక్షల ఘనపుటడుగుల ప్రాంతము. 17 తలుపులు ఎత్తగలిగిరి, ఒకటి కదలలేదు. నీరు తలుపుల మీదుగా పొర్లెను. దిగువ గ్రామములవారిని రాత్రికి రాత్రి తరలించిరి. తెల్లవాఱునప్పటికి కట్ట నిలిచియుండెను. దైవమే కాపాడెనని జనులు చేతులు జోడించిరి. ఆ కృతజ్ఞత ఉచితమే. కాని 1958 తరువాత తలుపులు పెంచిన చేతులు, ఆ రాత్రి తలుపుల కడ నిలిచిన చేతులు, ఇంటింట తలుపు తట్టి ముసలివారిని పిల్లలను మెఱకకు చేర్చిన చేతులు కూడ ఆ దైవముతో కలిసియే పనిచేసినవి. మఱుసటి సంవత్సరము జూలైలోనే మరల వరద రాగా కొన్ని తలుపులు మొరాయించెను. ఈ పర్యాయము జనులు గంగమ్మను తప్పుపట్టలేదు. తలుపులకు మరమ్మతు ఏల జరుగలేదని అడిగిరి. ఏటికేడు అదే తలుపు ఎత్తబడకపోవుట తలవ్రాత కాదు.

ఈ ప్రశ్న పుట్టుటయే చరిత్రలో గొప్ప మార్పు. 1963 జూలై 26న పోచంపాడు కడ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు శ్రీరామసాగరమై, దాని కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడచి కరీంనగరము చెంత దిగువ మానేరు జలాశయమును చేరుచున్నది. వానను మాత్రమే నమ్మిన మెఱక పొలములకు నీరు వచ్చుటతో, విధియొక్క ఎల్ల కొంత వెనుకకు జరిగినది. 2019 జూన్‌లో మేడిగడ్డ కడ కాళేశ్వరము ఎత్తిపోతల పథకము ప్రారంభమయ్యెను. 2023 అక్టోబరులో అచటి బ్యారేజీ స్తంభములు కొన్ని క్రుంగెను. 2024లో ప్రభుత్వము దానిపై న్యాయవిచారణ సంఘమును నియమించెను. ఎవరి పాపమువలన అని పూర్వులు అడిగియుందురు. ఎవరి లెక్క తప్పినది అని నేటివారు అడుగుచున్నారు. కాళేశ్వరుని సన్నిధిలోనే చిత్రగుప్తుని కవిలె తెఱువబడినదని చెప్పవచ్చును.

నేటి మనశ్శాస్త్రము

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమును ఇటీవలి కాలముననే పరిశీలింప మొదలిడిరి. అమెరికాకు చెందిన జూలియన్ రాటర్ 1966లో ప్రకటించిన గ్రంథమున, ఫలము తన చేష్టవలన కలుగునని నమ్మువారు, బయటినుండి కలుగునని నమ్మువారు అని జనులను కొలుచు ఒక పద్ధతిని చూపెను. 1970 తరువాత హానా లెవెన్‌సన్ అను విదుషి బయటి హేతువు ఒకటి కాదు రెండని వేఱుపఱచెను: ఒకటి అదృష్టము, రెండవది బలవంతులైన ఇతరులు. వెట్టిచేసిన వానికిని, గీత దాటిన గోండునకును ఈ భేదము ఎంత అవసరమో చెప్పనక్కఱలేదు. వానను మార్చలేము, దొరతనమును మార్చవచ్చును. రెంటిని ఒక్కటే పేర పిలిచినచో మార్చదగినదియు మార్చరానిదగును.

1975లో ఎలెన్ లాంగర్ అను మఱియొక విదుషి దీనికి విపరీతమైన భ్రమను చూపెను. లాటరీ చీటీని స్వయముగా ఎన్నుకొన్నవారు, ఇతరులు చేతికిచ్చినవారికంటె దానికి ఎక్కువ వెల కోరిరి. ఎన్నుకొన్నంత మాత్రమున చీటీ గెలుచునా? మన మెఱక చెలకలలో అఱచేత కొబ్బరికాయ నిలిపి, తానే చోటు చూపి, ఒక బోరు ఎండగా రెండవది, రెండవది ఎండగా మూడవది వేయించిన రైతు పడినది ఈ భ్రమలోనే. క్రింద రాయి, అందు నీరు లేదు. పట్టుదల నీటిని పుట్టింపజాలదు.

అంతయు నీ చేతిలోనే యున్నదను ఉపదేశము వినుట కింపుగా నుండును గాని, కష్టకాలమున అది క్రూరమైనది. 1997–98లో పత్తిపంటను పురుగు నాశనము చేసినపుడు పొరుగునున్న వరంగల్లు ప్రాంతమున పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. పురుగును, వానను, ధరను, వడ్డీని, మందు నాణ్యమును ఒక్కని తలపై మోపి "నేనే చెడితిని" అనుకొన్న మనుష్యుడు ఆ బరువు క్రింద నలిగిపోవును. అయిదు హేతువులలో తాను ఒకడనని తెలిసినవాడు ఓడినను బ్రదుకును. బ్రదికినవాడు మరల విత్తును. తలవ్రాత అను మాట లోకమున ఇంతకాలము నిలుచుటకు కారణము సోమరితనము మాత్రమే కాదు. పంట పోయిన యింట మనుష్యుని నిలువబెట్టు ఓదార్పుగా కూడ అది పనిచేసినది. ఆ ఓదార్పును తీసివేయు నధికారము ఎవరికిని లేదు. దానిని దొర తన ప్రయోజనమునకు వాడుకొనుట మాత్రమే అధర్మము.

గ్రంథాలయ ధర్మము

కావున ఈ సీమ చరిత్ర నేర్పుచున్నది దైవమును త్యజింపుమని కాదు, పురుషకారమును పూజింపుమనియు కాదు. కష్టము వచ్చినపుడు ఆ వ్రాత ఎవరిదో ముందు చదివి చూడుమని. వాన లేమి యైనచో ఓర్పు వహించి, కట్ట పోసికొని, ఇరుగుపొరుగున ఓదార్చుకొనవలయును. తన తప్పైనచో దిద్దుకొనవలయును. ఇతరులు వ్రాసినదైనచో నలుగురు కూడి, చట్టము తెలిసికొని, అడిగి, దిద్దించుకొనవలయును. ఈ మూడింటిని వేఱుపఱచి తెలిసికొనుటకు చదువు కావలయును. తన పహాణీని తాను చదువుకొనగలవానికి చేతివ్రాతను చూపి తలవ్రాతయని చెప్పి నమ్మించుట సులభము కాదు.

గ్రామ గ్రంథాలయము చేయు పని ఇదియే. ఇచట భారతమును కలదు, వార్తాపత్రికయు కలదు. మొదటిది మనుష్యుని పాలు ఎంతో చెప్పును. రెండవది ఏ ఉత్తరువు ఎప్పుడు వెలువడెనో చెప్పును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువు రైతు బిడ్డకు, కూలివాని బిడ్డకు, ఏది ఓర్వవలసినదో ఏది అడుగవలసినదో తెలియును. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ దీపమును నిలిపిన పెద్దలకును, చందాదారులకును గ్రామము ఋణపడియున్నది. ఈ దీపము మఱి పెక్కు తరముల వఱకు వెలుగుట వ్రాసిపెట్టి యున్నదో లేదో ఎవరికిని తెలియదు. ప్రతి సంధ్యను తలుపు తీసి, దుమ్ము దులిపి, నూనె పోయుట మాత్రము మన చేతిలోనే యున్నది.